మెదక్ చర్చి

మెదక్ చర్చి లేక మెదక్ కెథడ్రల్, తెలంగాణ రాష్ట్రంలోని మెదక్ పట్టణంలో ఉన్న ప్రొటెస్టెంట్ క్రైస్తవ దేవాలయం. స్థానికులు దీనిని మహాదేవాలయం అని కూడా అంటారు. ఇది దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) మెదక్ అధ్యక్ష మండలానికి ప్రధాన దేవాలయం. 1914లో మొదలైన నిర్మాణం పదేళ్ళు సాగింది. 1924 డిసెంబరు 25న, క్రిస్మస్ నాడు, దీనిని ప్రతిష్ఠించారు. నిర్మాణ సారథి ఇంగ్లండు నుండి వచ్చిన వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్. గోథిక్ పునరుద్ధరణ శైలిలోని ఈ కట్టడం పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. ముందు భాగాన ఉన్న గంట గోపురం ఎత్తు 175 అడుగులు. సుమారు 5,000 మంది ఒకేసారి ప్రార్థన చేసుకొనే వీలు ఉన్నదని చెబుతారు. రంగు అద్దాల కిటికీలకు ఇది ప్రసిద్ధి పొందింది.

మెదక్ గురించి

మెదక్ పట్టణం హైదరాబాదుకు ఉత్తరంగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఊరి గుట్ట మీద కాకతీయుల కాలం నాటిదిగా చెప్పే కోట ఉన్నది. ఈ ఊరికి మెతుకుదుర్గం అనీ, ఈ ప్రాంతానికి మెతుకుసీమ అనీ పాత పేర్లు. మెతుకు అంటే అన్నపు మెతుకే. వరి బాగా పండే నేల కనుక ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. మెతుకు పేరు పెట్టుకున్న సీమలో మెతుకు దొరకని రోజుల్లో ఈ దేవాలయం లేచింది. చర్చి కథలో మొదట తెలుసుకోవలసినది ఇదే.

చాలా కాలం మెదక్ జిల్లాకు పాలనా కేంద్రం సంగారెడ్డిలో ఉండేది. 2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగిన తరువాతే మెదక్ పట్టణం జిల్లా కేంద్రమైంది. అంతవరకూ బయటి ప్రాంతాల వారికి మెదక్ అనగానే గుర్తుకు వచ్చేవి రెండే, కోట, చర్చి.

చరిత్ర

పాస్నెట్ 1895లో భారతదేశానికి వచ్చాడు. మొదట సికింద్రాబాదు పక్కన తిరుమలగిరి దండులో బ్రిటిషు సైనికుల మధ్య పనిచేశాడు. ఆ పనిలో తృప్తి కలుగక పల్లెలకు పోవాలనుకొని, మరుసటి సంవత్సరం మెదక్ చేరాడు. అప్పటికి ఆ చుట్టుపక్కల క్రైస్తవులు బహు కొద్దిమంది, రెండు వందల లోపేనని అంటారు. తరువాతి ఇరవై ఏళ్ళలో సంఘం పెరిగింది. చేరినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ కులాలకు చెందిన వ్యవసాయ కూలీలు. ఊరి గుడిలోనికి ప్రవేశం లేని ఈ ప్రజల కోసం ఊరంతటికీ కనిపించే ఎత్తున ఒక దేవాలయం లేచిందన్న విషయాన్ని, కట్టడాన్ని చూసే ప్రతివారూ గుర్తుంచుకోవాలి. ఈ ప్రాంతపు గ్రామ క్రైస్తవుల జీవితంపై పి.వై. లూక్, జాన్ బి. కార్మన్ కలిసి 1968లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయాలను వివరంగా తెలుసుకోగోరే విద్యార్థులకు ఉపయోగపడుతుంది.

ఆనాడు మెదక్ బ్రిటిషు ఇండియాలోనిది కాదు, నిజాం రాజ్యంలోనిది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1911లో గద్దెనెక్కాడు. గంట గోపురం చార్మినార్ కంటే ఎత్తుగా లేస్తున్నదని తెలిసి నిజాం అభ్యంతరం చెప్పాడనీ, ఆపించే ప్రయత్నం ఫలించలేదనీ ఒక కథ ప్రచారంలో ఉంది. ఇది జనశ్రుతి మాత్రమే. ఇటువంటి కథ పుట్టడం వెనుక ఆ గోపురాన్ని చూసిన జనం ఆశ్చర్యం కనబడుతుంది గాని, దానిని చరిత్రగా వ్రాయరాదు.

కరువు, కూలి

దేవాలయ నిర్మాణాన్ని పాస్నెట్ కరువు సహాయ పనిగా నడిపాడని మెదక్ సంఘం తరతరాలుగా చెప్పుకుంటున్నది. పని చేసినవారికి తిండి. ఆకలితో వచ్చినవారికి ఊరక పెట్టడం కంటే పని ఇచ్చి పెట్టడం మేలని ఆయన భావించాడట. నేడు మనం పనికి ఆహార పథకం అని పిలిచే పద్ధతి ఇదే.

నిర్మాణం సాగిన పదేళ్ళూ దేశానికి మంచి రోజులు కావు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. ధరలు పెరిగాయి. 1918లో దేశమంతటా వర్షాలు దారుణంగా విఫలమయ్యాయి. అదే ఏడాది ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి వచ్చి భారతదేశంలో కోటి మందికి పైగా ప్రజలను బలిగొన్నది. 1920లో మళ్ళీ అనావృష్టి. ఇటువంటి దశాబ్దంలో చెరువు కింద మడి ఎండిన రైతుకూలీకి రోజూ పని దొరికే చోటు ఒకటి ఉండటం ఎంత పెద్ద విషయమో ఊహించుకోవచ్చు. రాళ్ళు మోయడం, సున్నం నూరడం, నీళ్ళు తేవడం వంటి నైపుణ్యం అవసరం లేని పనులు ఇటువంటి కట్టడంలో వందల మందికి దొరుకుతాయి. నిర్మాణం పదేళ్ళు పట్టడానికి కట్టడం పరిమాణం ఒక కారణమైతే, పనిని ఎక్కువమందికి, ఎక్కువ కాలం అందేలా చేయడం మరొక కారణం కావచ్చు.

కరువులో పెద్ద కట్టడం కట్టించి ప్రజలకు కూలి కల్పించడం మన దేశంలో కొత్త కాదు. లక్నో నవాబు ఆసఫుద్దౌలా 1784లో బడా ఇమాంబాడాను కరువు పనిగానే ప్రారంభించాడు. మెదక్ చర్చి పూర్తయిన అయిదేళ్ళకు, 1929లో, జోధ్‌పూర్ మహారాజు ఉమేద్ భవన్‌ను అదే ఉద్దేశంతో మొదలుపెట్టాడు. అయితే ఒక తేడా ఉన్నది. ఉమేద్ భవన్ రాజు నివాసం. కట్టినవారు అందులో కాపురముండలేదు. మెదక్‌లో రాయి మోసినవారిలో చాలామంది, వారి పిల్లలు, మనుమలు అదే కప్పు కింద కూర్చొని పాటలు పాడుకున్నారు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఆకలి వేళ అన్నం పెట్టే చేతినే మతం కూడా చాచినప్పుడు, ఆ మార్పులో విశ్వాసం ఎంత, అవసరం ఎంత అనే ప్రశ్న మిషనరీల కాలంలోనే వచ్చింది, నేటికీ వస్తూనే ఉంది. ఇది మెదక్‌కు మాత్రమే పరిమితమైనది కాదు. సంఘస్థులు దీనికి చెప్పే సమాధానం, కరువు పోయిన తరువాత కూడా నాలుగైదు తరాలుగా తాము అక్కడే ఉన్నామన్నది. పాఠకులు రెండింటినీ తెలుసుకొని తమ అభిప్రాయం తాము ఏర్పరచుకోవాలి. మరొక సంగతి. రూపకల్పన చేసిన సంస్థ పేరు, అద్దాలు గీసిన చిత్రకారుని పేరు మనకు తెలుసు. పదేళ్ళు రాళ్ళు మోసినవారి పేర్లు పుస్తకాలకు ఎక్కలేదు.

అదే యుద్ధకాలంలో తెలుగు నేలకు ఇంకో కొసన పరిస్థితి వేరుగా ఉండేది. తూర్పు కనుమల అడుగున సాలూరు, పైన కోరాపుట్ ప్రాంతాలలో జర్మనీ దేశపు బ్రెక్లం మిషన్ వారు 1880 దశకం నుండి పనిచేస్తూ ఉండేవారు. ఆ మిషన్ తొలి మిషనరీలు ఎర్నెస్ట్ పోల్, హెర్మన్ బోత్‌మన్ 1882లో వచ్చారు. సాలూరు వారి తొలి కేంద్రాలలో ఒకటి. యుద్ధం రాగానే బ్రిటిషు ఇండియాలోని జర్మనులు శత్రు దేశస్థులయ్యారు. మిషనరీలు నిర్బంధం పాలై, ఆ కేంద్రాల బాధ్యతను అమెరికన్ లూథరన్ మిషనరీలు చూడవలసి వచ్చింది. ఒకే యుద్ధం సాలూరు కొండల్లో మిషన్ పనిని కుంటుపరచింది, మెదక్‌లో పని ఆగలేదు. పాస్నెట్ బ్రిటిషు పౌరుడు కావడం, మెదక్ నిజాం రాజ్యంలో ఉండటం ఇందుకు కలిసివచ్చాయి.

నిర్మాణ శైలి

దేవాలయానికి నమూనా గీసినది ఇంగ్లండులోని బోల్టన్ నగరానికి చెందిన బ్రాడ్‌షా గ్యాస్ అండ్ హోప్ అనే సంస్థ. గోథిక్ శైలి 12వ శతాబ్దంలో ఫ్రాన్సులో పుట్టింది. కొన కలిగిన కమానులు, పైకి పైకి లాగే నిలువు గీతలు, సన్నని శిఖరాలు, పెద్ద కిటికీలు దీని గుర్తులు. గుండ్రని కమాను కంటే కొన గల కమాను బరువును నిటారుగా కిందికి దింపుతుంది. అందువల్ల గోడ మీద భారం తగ్గి, గోడలో పెద్ద కిటికీలు తెరవడానికి వీలవుతుంది. అంటే రంగు అద్దాలకు చోటు ఇచ్చినది ఆ కమానే. మధ్యయుగాల తరువాత మరుగున పడిన ఈ శైలిని 18, 19 శతాబ్దాలలో ఇంగ్లండులో తిరిగి చేపట్టారు. దానినే గోథిక్ పునరుద్ధరణ అంటారు.

మెదక్ చర్చిని దూరం నుండి చూస్తే మొదట కనబడేది గంట గోపురం. అంతస్తులు అంతస్తులుగా లేచి, మూలల్లో చిన్న శిఖరాలతో ముగుస్తుంది. పొలాల మీదుగా చాలా దూరానికి కనబడుతుంది. లోపలికి వెళితే కప్పు ఎత్తుకు తల తిరుగుతుంది. చెక్కి నునుపు చేసిన బూడిద రంగు రాతి స్తంభాలు పై గ్యాలరీలను మోస్తున్నాయి. నేల మీద పరచిన రంగు రంగుల మొజాయిక్ పలకలు బ్రిటన్ నుండి వచ్చాయి. వాటిని పరచడానికి ఇటలీ నుండి పనివారిని పిలిపించారు. స్థానికంగా కూలి పని, విదేశం నుండి నేర్పరితనం అన్న అమరిక ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది. కప్పు లోపలి భాగంలో మాట ప్రతిధ్వనించకుండా ధ్వనిని పీల్చుకొనే పదార్థం వాడారు. వేలమంది కూర్చునే చోట, మైకులు లేని కాలంలో, ప్రసంగం చివరి వరుసకు కలగాపులగం కాకుండా చేరాలంటే ఇటువంటి ఏర్పాటు తప్పనిసరి.

గోథిక్ శైలి మన వాతావరణానికి పుట్టినది కాదు. అది చలి దేశపు శైలి, వెలుతురు కోసం వెతుక్కొనే శైలి. తెలుగు నాట దీనికి భిన్నమైన దారి పట్టినది డోర్నకల్ కెథడ్రల్. మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు వి.ఎస్. అజరయ్య కట్టించిన ఆ దేవాలయం 1939 జనవరి 6న ప్రతిష్ఠితమైంది. అందులో గుడి మంటపపు స్తంభాలు, మసీదు గుమ్మటాలు, మీనార్లు కలిసి కనబడతాయి. రెండింటినీ చూసినవారికి ఒక సంగతి తోచక మానదు. డోర్నకల్ ఇక్కడి నేలతో మాట్లాడుతుంది, మెదక్ పరాయి భాషలో ఎంతో అందంగా పాడుతుంది. పరిమాణంలో, అద్దాల అందంలో మెదక్‌దే పైచేయి. ఆలోచనలో డోర్నకల్‌ది.

రంగు అద్దాల కిటికీలు

మెదక్ చర్చికి వెళ్ళేవారు ముఖ్యంగా చూడవలసినవి ఇవే. మూడు పెద్ద కిటికీలు ఉన్నాయి. బలిపీఠం వెనుక ఉన్న కిటికీలో క్రీస్తు పరలోకానికి ఆరోహణమయ్యే దృశ్యం, రెండు పక్కల ఉన్నవాటిలో ఒకదానిలో క్రీస్తు జననం, మరొకదానిలో సిలువ వేయబడిన దృశ్యం కనబడతాయి. వీటిని రూపొందించినది లండన్‌కు చెందిన ఫ్రాంక్ ఓ. సాలిస్‌బరీ. ఈయన బ్రిటిషు రాజుల చిత్రాలు, అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ చిత్రం గీసిన ప్రసిద్ధ చిత్రకారుడు.

మూడు కిటికీలు ఒకేసారి అమర్చినవి కావు. ఆరోహణం 1927లోను, జననం 1947లోను, సిలువ 1958లోను వచ్చాయి. అంటే కథాక్రమంలో చివరిది మొదట వచ్చింది. తేదీలను జాగ్రత్తగా చూస్తే చిన్న చరిత్ర పాఠం కూడా దొరుకుతుంది. మొదటి కిటికీ నిజాం పాలనలో అమర్చబడింది. రెండవది దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరంలో వచ్చినా, హైదరాబాదు రాజ్యం ఇంకా భారతదేశంలో కలవలేదు. అది 1948 సెప్టెంబరులో జరిగింది. మూడవది వచ్చేసరికి మెదక్ ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. నేడు ఆ మూడు కిటికీలు తెలంగాణ రాష్ట్రంలో ఉన్నాయి. కదలకుండా ఉన్న అద్దాలు నాలుగు ప్రభుత్వాలను చూశాయి.

ఈ అద్దాలను గోడకు వేసిన బొమ్మలుగా భావించరాదు. కరిగిన గాజులో లోహ లవణాలు కలిపి రంగు తెప్పిస్తారు. నీలానికి కోబాల్టు, ఆకుపచ్చకు రాగి లేక ఇనుము వాడతారు. రంగు గాజును ముక్కలుగా కోసి, ముఖాలు, బట్టల మడతలు వంటి సూక్ష్మ రేఖలను ప్రత్యేకమైన పూతతో గీసి, కొలిమిలో కాలుస్తారు. తరువాత ముక్కలను సీసపు పట్టీలతో జోడిస్తారు. నల్లగా కనిపించే గీతలన్నీ ఆ పట్టీలే. వెలుగు గాజు గుండా వచ్చి కంటికి చేరితేనే బొమ్మ కనబడుతుంది.

కనుక సూర్యాస్తమయం తరువాత చర్చి లోపలికి వెళ్ళినవారికి ఈ చిత్రాలు కనబడవు. లోపల ఎన్ని దీపాలు వెలిగించినా ప్రయోజనం లేదు, నల్లని అద్దమే కనబడుతుంది. దీనిని ఒక అద్భుతంగా, రహస్యంగా వర్ణించే గైడ్లు ఉన్నారు. ఇందులో రహస్యం ఏమీ లేదు. దీపం లోపల ఉన్నది, చూసేవాడూ లోపలే ఉన్నాడు. వెలుగు అద్దం అవతలి నుండి రావాలి. రాత్రిపూట లోపల దీపాలుండగా బయట నిలబడి చూస్తే ఇదే సూత్రం తిరగబడుతుంది. పాఠశాల పిల్లలను తీసుకువెళ్ళే ఉపాధ్యాయులకు కాంతి పాఠం చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. పగటిపూట కూడా పొద్దు తిరిగే కొద్దీ ఒక్కొక్క కిటికీ ఒక్కొక్క వేళ ఎక్కువ ప్రకాశిస్తుంది. తీరిక ఉన్నవారు ఉదయం ఒకసారి, మధ్యాహ్నం తిరిగిన తరువాత ఒకసారి చూడటం మంచిది.

కెథడ్రల్ అయిన విధం

కెథడ్రల్ అనే మాట ఆసనం అనే అర్థం గల గ్రీకు మాట నుండి వచ్చింది. బిషప్పు ఆసనం ఉన్న దేవాలయమే కెథడ్రల్. కట్టడం పెద్దదైనంత మాత్రాన కెథడ్రల్ కాదు. బ్రిటిషు వెస్లియన్ మెథడిస్టులకు బిషప్పుల పద్ధతి లేదు. కాబట్టి 1924లో ప్రతిష్ఠించినప్పుడు ఇది కెథడ్రల్ కాదు, పెద్ద చర్చి మాత్రమే. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డాయి. అప్పుడు మెదక్ ఒక అధ్యక్ష మండలం అయింది, ఫ్రాంక్ విట్టేకర్ మొదటి బిషప్పు అయ్యాడు, చర్చి కెథడ్రల్ అయింది.

ప్రచారంలో ఉన్న కొన్ని మాటలు

మెదక్ చర్చి ఆసియాలోకెల్లా పెద్దదనీ, ప్రపంచంలో వాటికన్ తరువాత రెండవదనీ తరచు చదువుతాము. పోటీ పరీక్షల పుస్తకాలలో కూడా ఈ మాట చేరింది. కొలతలు దీనిని సమర్థించవు. గోవాలోని సే కెథడ్రల్ పొడవు 250 అడుగులు, వెడల్పు 181 అడుగులు. మెదక్ 200, 100. అంటే మన దేశంలోనే దీనికంటే పెద్దది ఉంది. రోములోని సెయింట్ పీటర్స్ పొడవు మెదక్ చర్చికి మూడు రెట్లకు పైనే. పైగా సెయింట్ పీటర్స్ కెథడ్రల్ కానే కాదు, రోము బిషప్పు కెథడ్రల్ సెయింట్ జాన్ లాటెరన్. అధ్యక్ష మండలం పెద్దదన్న మాట, కట్టడం పెద్దదన్న మాట కలగలిసి ఈ ప్రచారం పుట్టి ఉండవచ్చు. దక్షిణ భారతదేశంలోని గొప్ప ప్రొటెస్టెంట్ దేవాలయాలలో ఇది ఒకటి అంటే చాలు. కొలతలు పెంచి చెప్పనవసరం లేదు.

ఆరాధనలు, ఉత్సవాలు

ప్రతి ఆదివారం ఆరాధన జరుగుతుంది. క్రిస్మస్ నాడు మొదటి ఆరాధన తెల్లవారుజామునే మొదలవుతుంది. ఆనాడు తెలంగాణ నుండే కాక పొరుగు రాష్ట్రాల నుండి కూడా జనం వస్తారు. బళ్ళు కట్టుకొని వచ్చి ఆవరణలో చెట్ల కింద వండుకు తినే పాత అలవాటు స్థానంలో ఇప్పుడు బస్సులు, కార్లు వచ్చాయి గాని, జాతర కళ పోలేదు. వచ్చేవారిలో క్రైస్తవులు కానివారు చాలామంది ఉంటారు. గుడ్ ఫ్రైడే, ఈస్టరు, కోతల పండుగ కూడా జరుపుతారు. కోతల పండుగకు రైతులు తమ పంటలో కొంత భాగం తెచ్చి సమర్పిస్తారు.

2024 డిసెంబరు 25తో ప్రతిష్ఠ జరిగి నూరేళ్ళు నిండాయి. శతాబ్ది ఉత్సవాలలో ఆనాటి తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి పాల్గొన్నాడు.

సందర్శకులకు

హైదరాబాదు నుండి మెదక్‌కు రెండు దారులు ఉన్నాయి. ఒకటి నర్సాపూర్ మీదుగా వెళుతుంది. ఇందులో కొంత దూరం అడవి మధ్యగా ప్రయాణం. రెండవది 44వ జాతీయ రహదారిపై తూప్రాన్ దాటి పక్కకు తిరిగే దారి. సికింద్రాబాదు జూబిలీ బస్ స్టేషన్ నుండి ఆర్టీసీ బస్సులు తరచుగా ఉన్నాయి. అక్కన్నపేట నుండి మెదక్ వరకు కొత్త రైలు మార్గం 2022 సెప్టెంబరులో ప్రారంభమైంది. అంతవరకు మెదక్ పట్టణానికి రైలు లేదు.

ఆదివారం ఆరాధన వేళ, క్రిస్మస్ నాడు కట్టడాన్ని తీరికగా చూడటం సాధ్యం కాదు. నిర్మాణ విశేషాలు చూడగోరేవారు ఎండ ఉన్న మామూలు రోజును ఎన్నుకోవాలి. మబ్బు పట్టిన రోజున అద్దాల అందం సగమే. లోపల ఫోటోలు తీసే ముందు అక్కడివారిని అడగాలి. ప్రార్థన చేసుకొనేవారు ఏ వేళనైనా ఉంటారు గనుక నిశ్శబ్దం పాటించాలి.

దగ్గరలో మెదక్ కోట, పోచారం చెరువు, దానిని ఆనుకొని ఉన్న వన్యప్రాణుల అభయారణ్యం, మంజీర నదీ తీరాన ఏడుపాయల వనదుర్గా భవాని ఆలయం చూడదగినవి. ఒక్క రోజులో అన్నీ చూడాలనుకునేవారు ఉదయం చర్చితో మొదలుపెట్టి, కోట ఎక్కడం సాయంత్రానికి ఉంచుకోవడం మేలు. కోట పైనుండి చూస్తే పచ్చని మడుల మధ్య గంట గోపురం ఒక్కటే నిటారుగా కనబడుతుంది.